అన్న కోసిన అచ్చులు

మగవాళ్లకు పనికొచ్చే గ్రీటింగ్ కార్డులు చేసిపెట్టమని ఫ్యాన్సీ షాపాయన అడిగిన ఎండాకాలంలో అన్న మా ఇంటి వరండాలోనే ఉండేవాడు. గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి తీసుకునేవాడు. ఊపిరి తీసుకోవడాన్ని ఒక పనిగా చెప్పవలసి వస్తుందని నాకు అంతకు ముందు తెలియదు. అన్నకు అప్పటికి అంతకంటే పెద్ద పని లేదు.

మేముండేది ప్రొద్దుటూరులో. మా ఆయన బట్టలంగట్లో సేల్స్‌మన్. పొద్దున పోతే దుకాణం మూసేదాకా రాడు. నేను ఇంట్లోనే జాకెట్ చేతులకూ చీర అంచులకూ రంగులద్దే పని చేస్తాను. దానికి కావలసింది స్టెన్సిల్. మేం అచ్చు అంటాం. పల్చటి ప్లాస్టిక్ రేకులో పువ్వు ఆకారం కోసి తీసేసి, ఆ ఖాళీని బట్ట మీద పెట్టి స్పాంజితో రంగు అద్దితే పువ్వు దిగుతుంది. నా దగ్గరున్నవన్నీ మల్లెమొగ్గలు, మామిడి పిందెలు, నెమళ్లు. పనిలేని రోజుల్లో అవే అచ్చులతో దళసరి కాగితం మీద కార్డులు చేసి ఫ్యాన్సీ షాపులో ఇచ్చేదాన్ని. ఆడపిల్లలు కొనుక్కునేవాళ్లు.

ఆ రోజు షాపాయన నా కార్డులు తిరగేసి మూతి విరిచాడు.

“అన్నీ పూలే గదమ్మా. నిన్న ఒకామె వాళ్లాయనకు ఇయ్యాల, కార్డు గావాలనె. నెమలి జూపిస్తే నగి ఎల్లిపాయ. మొగోళ్లకిచ్చేటివి చెయ్యి.”

“ఇప్పుడందరూ ఫోన్లోనే పంపుకుంటాండారు గదన్నా?”

“పంపుకుంటాండారు. అందుకే చేత్తో చేసిందంటే నిలబడి సూస్తాండారు.”

ఇంటికి నడుస్తూ మగవాళ్లకు ఏమిష్టమా అని ఆలోచించాను. మా నాయనకు ఏమిష్టమో తలుచుకున్నాను. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, బీడీ గుర్తొచ్చాయి. అవి కార్డు మీద వేసేవి కావు. మా ఆయన సంగతి ఆలోచిస్తే అవి కూడా రాలేదు. ఇన్నేళ్లు ఒక ఇంట్లో ఉన్నాం గానీ ఆయన నోట ఫలానాది నాకిష్టం అన్న మాట వినలేదు.

వరండాలో అన్నను అడిగాను.

“అన్నా, మొగోళ్లకు ఏమిష్టం?”

“ఏ మొగోళ్లకు?”

“ఎవురికైనా. కార్డు మింద ఏమేస్తే కొంటారు?”

అన్న నా ముఖం చూశాడు. “మొగోనికి కార్డేంటికిమే?” అన్నాడు. నేను లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించుకున్నాను. అన్నం ఉడికి గంజి వారుస్తుంటే వరండాలో నుంచి మాట వినపడింది.

“ట్రాక్టర్ ఎయ్యి.”

అన్న గురించి చెప్పాలి. మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. వానలు లేక చేను నమ్ముకోలేని రోజుల్లో అన్న నాపరాళ్ల పాలిష్ పనికి పోయాడు. రాయిని కోసి, నున్నగా పట్టే మిషన్ల దగ్గర పని. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ము ఉండేది. వదిన బయటే నీళ్లు పోసి లోపలికి రానిచ్చేది. పైకి అంటిన దుమ్ము నీళ్లకు పోయింది. లోపలికి పోయింది పోలేదు. దగ్గు మొదలై, పని మానిపించి, మనిషిని మంచానికి దగ్గర చేసింది. ఊపిరితిత్తుల్లో చేరిన రాతిదుమ్ము ఇక బయటికి రాదని, మందులు దగ్గును తగ్గించడానికే తప్ప జబ్బును కాదని డాక్టర్లు చెప్పారు. వదిన కొడుకును తీసుకుని సింహాద్రిపురంలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమెను నేను తప్పుపట్టను. చీనీ బత్తాయి తోటల్లో కూలికి పోయి కొడుకును చదివించుకుంది. అన్నను నేను మా ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆయన కాదనలేదు. వరండాలో మంచం వేశాడు.

ట్రాక్టర్ బొమ్మ గీసి కోస్తే చక్రం చెడింది. చక్రం చుట్టూ కోసేసరికి మధ్యలో ఉన్న ముక్క కూడా ఊడి పడింది. పూలతో నాకు ఈ ఇబ్బంది రాలేదు. అన్న మంచం మీది నుంచి చూస్తున్నాడు.

“నడిమిద్ది నిలబడల్లంటే దానికి కాళ్లియ్యి” అన్నాడు.

“కాళ్లేంది?”

“ఇట్ల ఇయ్యి.” అని కత్తి తీసుకున్నాడు. చక్రాన్ని గుండ్రంగా పూర్తిగా కోయకుండా అక్కడక్కడ సన్నటి పట్టీలు వదిలాడు. మధ్య ముక్క వాటిని పట్టుకుని నిలబడింది. అన్న వేళ్లు మొద్దుగా ఉంటాయి, గోళ్లు అరిగిపోయి ఉంటాయి. ఆ చేతుల్లో కత్తి చిన్నపిల్లల బలపంలా కనిపించింది. ఆ చక్రం కోయడానికి చాలాసేపు పట్టింది. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకున్నాడు. కానీ ఆ మధ్యాహ్నం ఆయన గోడ వైపు తిరిగి పడుకోలేదు.

అట్లా అచ్చులు కోయడం అన్న పని, రంగులద్దడం నా పని అయింది. ఎద్దు, లారీ, మీసం, చేతిగడియారం, కోడిపుంజు, మోటార్‌సైకిల్ ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. రంగు విషయంలో మాత్రం ఇద్దరికీ పడేది కాదు. నేను ఎరుపో పసుపో తీస్తే ఆయన వద్దనేవాడు. తెలుపులో కాస్త నలుపు, ఇంకాస్త నీలం కలిపించి నాపరాయి రంగు తెప్పించేవాడు.

“ఈ రంగు సూస్తే దిగులైతాదన్నా. పుట్టినరోజు గదా?”

“మొగోళ్లకు ఇదే బాగుంటాది” అనేవాడు. షాపులో ఆ రంగు కార్డులే ముందు పోయాయి.

ప్లాస్టిక్ రేకులు అయిపోయిన రోజు అన్న మంచం కింద నుంచి పెద్ద కవర్లు లాగాడు. అన్నీ ఆయన ఎక్స్‌రేలు. జమ్మలమడుగులో తీసినవి, ప్రొద్దుటూరులో తీసినవి.

“ఇయ్యి గట్టిగుంటాయిమే. కోస్తే అంచు చిరగదు.”

“వద్దన్నా. డాక్టర్లకు జూపించేటివి.”

“సూసినారు గదా. ఇంగెన్నిసార్లు సూస్తారు? ఉంటే మంచం కింద బూజు పడ్తాయి.”

నాకు మనసొప్పలేదు. ఆయన వినలేదు. బక్కెట్లో వేడినీళ్లు పోయించి, బ్లీచింగ్ పొడి కలిపించి, వాటిని నానబెట్టించాడు. నేను పీచుతో రుద్దితే నలుపు జిడ్డుగా ఊడి నీళ్లలో కలిసింది. పక్కటెముకలు పోయాయి, వాటి మధ్య ఉన్న తెల్లటి చుక్కలు పోయాయి. డాక్టరు ఆ చుక్కల మీదే వేలుపెట్టి చూపించి ఇదే దుమ్ము అని చెప్పాడు. ఆ నల్లనీళ్లు మోరీలో పోస్తుంటే చుక్కలు పోయినట్టే జబ్బు కూడా పోతే ఎంత బాగుండు అనుకున్నాను. లేత నీలం రంగు ఫిల్ములు మిగిలాయి. బట్టలతో పాటు తీగమీద ఆరేశాను. పక్కింటామె అవేందని అడిగితే అట్టలని చెప్పాను.

జూన్‌లో ఫాదర్స్ డే వస్తుందని షాపాయన తెలుగు అక్షరాలతో కార్డులు కావాలన్నాడు. అన్న ‘నాయన’ అని కోయడం మొదలుపెట్టాడు. తెలుగు అక్షరాలు అన్నీ గుండ్రాలే. ఎక్కడ కోసినా లోపలి ముక్క ఊడిపోయేది. ‘య’ దగ్గర రెండు ఫిల్ములు పాడయ్యాయి. మూడోదానిలో నిలబడింది. ట్రాక్టర్ కింద ‘నాయన’ అని అద్ది ఇచ్చిన కార్డులన్నీ అమ్ముడుపోయాయి.

“ఎవురు కొన్నారంట?” అన్నాడు అన్న.

“ఆడపిల్లలే ఎక్కువంట.”

“మొగపిల్లోళ్లు కొనలేదా?”

“నేనడగలేదన్నా.”

ఆయన కొన్నాళ్లకు తనంతట తనే చెప్పాడు, కొడుక్కు ఒక కార్డు ఇవ్వాలని ఉందని. మేనల్లుడు అప్పటికి పులివెందులలో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తున్నాడు. పండక్కో పబ్బానికో ఫోన్ చేసి, బాగుండావా అంటే బాగుండావా అనుకోవడమే తండ్రీకొడుకుల మధ్య మిగిలిన మాట.

“వానికేమిష్టమో నాకు తెల్దుమే” అన్నాడు అన్న. “ఆ వయసు పిల్లోళ్లకు బండంటే ఇష్టం గదా.”

మోటార్‌సైకిల్ అచ్చు తీశాడు. ఆ ఒక్క కార్డుకు రంగు కూడా తనే అద్దాడు. స్పాంజి మీద రంగు ఎక్కువుంటే అచ్చు కిందికి పాకి అంచు చెడుతుంది. అందుకని పాత పేపరు మీద అద్ది, అద్ది, దాదాపు రంగు లేదనిపించాక కార్డు మీద పెట్టాడు. ఒకసారి అద్దడం, కాసేపు ఆగడం. బండి కొంచెం కొంచెంగా తేలింది.

పులివెందులలో ఒక దుకాణానికి కార్డులు ఇచ్చే పని కూడా ఉండటంతో ఇద్దరం బస్సెక్కాం. జమ్మలమడుగు దాటాక రోడ్డు పక్కన పాలిష్ చేసిన రాళ్లు వరుసగా నిలబెట్టి కనిపించాయి. అన్న కిటికీ మూయమన్నాడు. అది బిగుసుకుపోయి కదలలేదు. తువ్వాలు ముక్కుకు కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ముద్దనూరు దాటినంక గానీ తీయలేదు.

సెల్‌ఫోన్ల దుకాణంలో మేనల్లుడు మమ్మల్ని చూసి గాజు బల్ల వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. కుంటుతున్నాడు. ఎడమకాలు వంగడం లేదు. అన్న చెయ్యి కార్డున్న చొక్కా జేబు మీదే ఆగిపోయింది.

“కాలికేమాయరా?”

“బండి మింద నుంచి పడినా నాయనా. పోయినేడు. రాడ్డేసినారు.”

“నాకెవురూ జెప్పలేదే.”

“నీకు జెప్తే ఏం జేస్తావు నాయనా? నీకే బాగలేకపాయ.” వాడు కోపంతో అనలేదు. స్టూలు తెచ్చి తండ్రిని కూర్చోబెట్టాడు. పక్క హోటల్ నుంచి టీ చెప్పించాడు. అన్న టీ తాగుతూ కొడుకు కాలి వైపే చూశాడు. లేచేటప్పుడు కార్డు ఇస్తాడో ఇవ్వడో నాకు అర్థం కాలేదు. చివరికి తీసి ఇచ్చాడు. వాడు కవరు విప్పి బండి బొమ్మను చూశాడు.

“నువ్వే చేసినావా?”

“అవ్ రా. నాకు తెల్దు, ఈ కాలు సంగతి.”

“బాగుండాది నాయనా” అన్నాడు వాడు. ఎవరో ఫోన్‌కు గ్లాసు వేయమని వచ్చారు. వాడు కార్డును ఫోన్ కవర్ల పక్కన నిలబెట్టి బల్ల వెనక్కి వెళ్లాడు.

అన్న ఇంటికి వచ్చాక మోటార్‌సైకిల్ అచ్చును ముక్కలుగా కోసి పారేశాడు. షాపాయన బండి కార్డులు ఇంకా కావాలని అడిగినా మళ్లీ ఆ బొమ్మ గీయలేదు.

తరువాత ఒకరోజు కొడుక్కు తనే ఫోన్ చేశాడు. వరండాలో కూర్చుని నేను బియ్యం ఏరుకుంటున్నాను.

“నీకేమిష్టంరా?” అని అడిగాడు. వాడేమన్నాడో నాకు వినపడలేదు. “ఊరికేరా. అడగగూడదా?” అన్నాడు అన్న. మరునాడు సాయంత్రం మళ్లీ చేశాడు. అట్లా రోజూ చేయడం మొదలైంది. రెండు మూడు మాటలు మాట్లాడేసరికి ఆయాసం వచ్చేది. ఫోన్ నా చేతికిచ్చి, “ఆగమను, పెట్టెయ్యద్దను” అని సైగ చేసేవాడు. నేను మేనల్లుడితో ఎండ గురించో వాన గురించో మాట్లాడుతుంటే ఆయన ఊపిరి కూడదీసుకుని మళ్లీ ఫోన్ అందుకునేవాడు.

ఒక సాయంత్రం ఫోన్ పెట్టేసి నన్ను పిలిచాడు.

“క్యారియరంట.”

“ఏ క్యారియర్?”

“నేను పనికి తీసుకపోయేది. సాయంత్రం నువ్వొస్తానే దాన్ని ఇప్పి సూస్తాంటిని నాయనా, ఏమన్నా మిగిల్చినావేమోనని అంటాండాడు. నేను యాడ మిగిలిస్తాంటిమే? ఆకలికి అంతా తింటాంటి. వాడు ఇప్పి సూస్తాంటాడని కూడా నాకు తెల్దు.”

ఆయన కళ్లు తుడుచుకోలేదు. తువ్వాలు పక్కనే ఉంది, తీసుకోలేదు. నేను లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చాను. మర్నాటి నుంచి మూడు గిన్నెల క్యారియర్ గీయడం మొదలుపెట్టాడు. గిన్నెలు విడివిడిగా కనపడాలి, పక్కన కమ్మీ కనపడాలి, పైన పిడి కనపడాలి. ఇన్ని ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడాలి. అప్పటికి కత్తి ఆయన చేతిలో ఎక్కువసేపు నిలిచేది కాదు. గిన్నెలు ఆయన కోశాడు, పిడి నన్ను కోయమన్నాడు. రంగు నన్నే అద్దమన్నాడు. ఏ రంగు వేయనంటే, స్టీలు రంగు నాపరాయి రంగు ఒకటేలే అన్నాడు. లోపల ఏమీ రాయలేదు. రాయమంటావా అని అడిగితే వద్దని తలాడించాడు.

నేను బస్టాండుకు పోయి పులివెందుల బస్సులో పార్సిల్ వేసి వచ్చాను. రెండు రోజుల తరువాత మేనల్లుడు ఫోన్ చేశాడు. అన్న విని, ఊ అని, ఫోన్ పక్కన పెట్టాడు.

“ఏమన్నాడు?”

“అందిందంట. మూడు గిన్నెలు గాదు నాయనా, మనది నాలుగు గిన్నెలది అన్నాడు.” అన్న నవ్వబోయాడు. దగ్గు వచ్చింది.

చలికాలం మొదలయ్యాక మంచం దిగి స్నానాల గదికి వెళ్లడం కూడా కష్టమైంది. కడపలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కొత్త ఎక్స్‌రే తీయించి, వెలుతురుకు పెట్టి చూశాడు.

“పాత ఎక్స్‌రేలు తెచ్చారా? పక్కపక్కన పెడితే ఎంత ముదిరిందో తెలుస్తుంది.”

అన్న నా కంటే ముందు జవాబు చెప్పాడు. “లేవు సార్. ట్రాక్టర్లయినాయి.”

డాక్టరు నా వైపు చూశాడు. నేను తడబడుతూ కార్డుల సంగతి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన మళ్లీ ఫిల్ము వైపు తిరిగి, “ఫర్వాలేదమ్మా, పాతవి లేకపోయినా ఇది చాలు” అన్నాడు. ఎందుకు చాలో నేను అడగలేదు. అన్న కూడా అడగలేదు. బయటికి వచ్చాక ఆ కొత్త ఎక్స్‌రే కవరును నా చేతిలో నుంచి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

“దీంట్లో ఏం కోస్తావన్నా?” అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

“దీన్ని కోయద్దులే” అన్నాడు.

ఇంటికి ఆక్సిజన్ మిషన్ అద్దెకు తెచ్చాం. అది రోజంతా గురగురమని శబ్దం చేసేది. మా ఆయన దుకాణం నుంచి వచ్చాక దాని పక్కనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. సాయంత్రం ఫోన్ నేనే అన్న చెవి దగ్గర పెట్టేదాన్ని. కొడుకు చెప్పేది వినడమే, ఆయన ఏమీ అనలేకపోయేవాడు. కొత్త సంవత్సరానికి షాపాయన కార్డులు అడిగితే, ఉన్న అచ్చులతో వరండాలోనే కూర్చుని అద్దాను. రంగు ఎక్కువైతే అన్న మంచం పట్టె మీద వేలితో కొట్టేవాడు. నేను స్పాంజిని పేపరు మీద అద్ది మళ్లీ తీసుకునేదాన్ని.

శివరాత్రి పోయిన తరువాత ఒక పొద్దున కాఫీ తెచ్చేసరికి ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. మిషన్ నడుస్తూనే ఉంది. పిలిచాను. ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. మిషన్ ఎట్లా ఆపాలో తెలియక పక్కింటామెను కేకేశాను. ఆమె వచ్చి తీగ పీకేసింది. ఇల్లంతా నిశ్శబ్దమయ్యాక ఏడుపు వచ్చింది.

పల్లెకు తీసుకెళ్లాం. వదిన సింహాద్రిపురం నుంచి వచ్చింది. శవానికి కొంచెం దూరంలో కూర్చుని ముఖానికి కొంగు కప్పుకుంది. మేనల్లుడికి కాలు వంగక చితి దగ్గర కూర్చోవడం కుదరలేదు. నిలబడే అన్నీ చేశాడు. కుండ పట్టుకుని తిరుగుతుంటే ఒకచోట తూలాడు, మా ఆయన వాడి భుజం పట్టుకుని ఆపాడు.

దినాలయ్యాక వాడు మా ఇంటికి వచ్చి వరండాలో ఆ మంచం మీదే కూర్చున్నాడు. తండ్రి వస్తువులేమన్నా తీసుకుపోతావా అని అచ్చుల డబ్బా ముందు పెట్టాను. ఒక్కొక్కటి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. ఎద్దు, మీసం, గడియారం. క్యారియర్ దగ్గర ఆగి, దాన్ని కూడా డబ్బాలో పెట్టేశాడు.

“నాకేం పనికొస్తాయత్తా? నీకాడే ఉండనీ, పని జేసుకునేదానివి.”

“కార్డు ఉండాదా?” అని అడగబోయి మానుకున్నాను. వాడూ దాని సంగతి ఎత్తలేదు.

కొన్ని నెలలు ఆ అచ్చులతో పని సాగింది. రంగు పట్టి, కడిగి, మళ్లీ పట్టి, ట్రాక్టర్ చక్రం కాళ్లు ఒక్కొక్కటే తెగిపోయాయి. నేను కొత్తవి కోయబోతే వంకర పోయాయి. మగవాళ్ల కార్డులు ఇక నా వల్ల కాదని షాపాయనకు చెప్పాను. ఆయన సరేనమ్మా అని ప్రెస్సులో అచ్చైన కార్డులు తెప్పించుకున్నాడు. నేను జాకెట్ల పనే చేస్తున్నాను.

మేనల్లుడు ఇప్పుడు సాయంత్రాలు నాకు ఫోన్ చేస్తాడు. దుకాణంలో జనం తగ్గాక చేస్తాడు.

“తిన్నావా అత్తా?”

“ఇంగా లేదురా. నువ్వు?”

“తింటా. ఏం జేస్తాండావు?”

“పనిలో ఉండా.”

ఆ తరువాత మా ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియదు. వాడు పెట్టెయ్యడు, నేనూ పెట్టెయ్యను. అవతల వాడి దుకాణం ముందు బండ్లు పోతున్న చప్పుడు వినిపిస్తుంటుంది. కాసేపటికి ఎవరో గిరాకీ వస్తారు. “ఉంటానత్తా” అంటాడు.